బ్రిడ్జ్‌టౌన్‌లో నా బొమ్మలు గోడెక్కిన వైనం

నేను అక్కడున్న కాలంలో, కరీబియన్ ద్వీపదేశమైన బార్బడోస్‌లో జాతీయ చిత్రశాల అంటూ ఒక భవనం లేదు. దాని కోసం దశాబ్దాల తరబడి కమిటీలు కూర్చున్నాయి, చర్చలు జరిగాయి, మళ్లీ ఆగిపోయాయి. సుమారు 430 చదరపు కిలోమీటర్ల నేల, 2.8 లక్షల చుట్టూ జనం, అంటే మన నిజామాబాదు పట్టణంలో ఉన్నంత మంది కూడా లేని దేశం అది. అయినా బొమ్మలు వేసేవాళ్లు, శిల్పాలు చేసేవాళ్లు, వీడియోలతోనూ తమ శరీరంతోనూ ప్రదర్శనలిచ్చేవాళ్లు నేను ఊహించినదానికంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు, లేనిదల్లా గోడలే. ఒక చిన్న గ్యాలరీ జరిపిన సామూహిక ప్రదర్శనలో నా రేఖాచిత్రాలు మూడింటికి చోటు దొరకడమూ, అందుకోసం సాగిన పనులన్నీ దగ్గరుండి చూడడమూ జరిగాక, ఆ గోడల కొరతే అక్కడి కళాకారుల జీవితాన్ని మంచికీ చెడుకీ మలుస్తోందని నాకు నమ్మకం కుదిరింది.

హైదరాబాదులో చిత్రకళ చదువుకుని, కొన్నాళ్లు బడిలో డ్రాయింగు చెప్పి, నా భర్తకు అక్కడి వైద్య కళాశాలలో బోధన ఉద్యోగం రావడంతో నేను రాజధాని బ్రిడ్జ్‌టౌన్ శివార్లలో కాపురం పెట్టాను. గ్వాడెలూప్, మార్టినిక్ లాంటి ద్వీపాలకు 19వ శతాబ్దంలో చెరకు కూలీలుగా వెళ్లిన మనవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు గాని, బార్బడోస్‌లో తోటలకు కావలసినంత మంది పనివాళ్లు అప్పటికే ఉండడంతో ఆ నౌకలు అటు రాలేదు. అక్కడి భారతీయుల్లో ఎక్కువమంది ఆ తరువాత వ్యాపారానికి వచ్చి స్థిరపడిన సూరత్ ప్రాంతపు గుజరాతీల కుటుంబాలవాళ్లు. అందుచేత నన్ను చూసిన ప్రతివాళ్లూ మీ బట్టల కొట్టు ఎక్కడ అని అడిగేవారు. బొమ్మలు వేస్తానని చెబితే మాత్రం, అందరూ ఒకటే మాట అనేవారు: అయితే ఫలానా ఆవిడను కలిశారా? ఆ ఫలానా ఆవిడ ప్రతిసారీ ఒకే ఆవిడ కావడం నాకు మొదట వింతగా ఉండేది.

ఆమెను కలవడానికి ముందు, చూడదగిన చోట్లన్నీ చూశాను. 1983లో ఏర్పడిన ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ నేషనల్ కల్చరల్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని క్వీన్స్ పార్కు గ్యాలరీ, పెలికన్ విలేజిలో చేతిపనుల దుకాణాల మధ్య ఆర్ట్స్ కౌన్సిల్ వారి గది, కమ్యూనిటీ కాలేజిలో విద్యార్థుల పనులు పెట్టే మార్నింగ్‌సైడ్ గ్యాలరీ, ఉత్తరాన స్పైట్స్‌టౌన్‌లో ఒకటి, పడమటి తీరపు హోటళ్ల వరండాలు. గారిసన్ ప్రాంతంలో పూర్వం సైనికుల జైలుగా ఉన్న కట్టడంలో 1933లో స్థాపించిన మ్యూజియం నడుస్తోంది. గ్యాలరీల్లో చాలాసార్లు నేనొక్కదాన్నే ప్రేక్షకురాలిని. కాని కళ గురించి బస్సులో కూడా జనం గట్టిగా వాదించుకోవడం విన్నది రెండు విగ్రహాల విషయంలో. ఒకటి, కార్ల్ బ్రూడ్‌హేగన్ చేసిన, తెగిన సంకెళ్లతో చేతులెత్తి నిలబడ్డ విముక్తి విగ్రహం. 1985లో ఆవిష్కరించిన ఆ విగ్రహాన్ని, 1816 నాటి బానిసల తిరుగుబాటు నాయకుడి పేరు పెట్టి, అందరూ బుస్సా అనే పిలుస్తారు. రెండోది 1813 నుంచి నగరం నడిబొడ్డున నిలబడి, 2020 నవంబర్ 16న తొలగించబడిన బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ విగ్రహం. ఆ మరుసటి సంవత్సరం నవంబర్ 30న దేశం గణతంత్రమైంది.

ఫలానా ఆవిడ నడిపే గ్యాలరీ, పగడపు సున్నపురాయితో కట్టిన పాత ఇంటి కింది అంతస్తులో ఉండేది. బార్బడోస్‌లో ఎవరి గుమ్మం తొక్కినా ముందు గుడ్ మార్నింగ్ చెప్పి, బదులు వచ్చాకే పని విషయం ఎత్తాలి. గ్యాలరీ కూడా ఇందుకు మినహాయింపు కాదు, మౌనంగా లోపలికొచ్చి బొమ్మల ముందు చేతులు కట్టుకుని నిలబడే పర్యాటకులను ఆమె మర్యాద తెలియనివాళ్ల కింద జమకట్టేది. ముందు గదిలో సముద్రతీరాలు, ఎర్రని పూల చెట్లు, రంగురంగుల చెక్క ఇళ్ల బొమ్మలు ఉండేవి. వెనుక రెండు గదుల్లో అసలు ప్రదర్శనలు. ముందు గది అద్దె కడుతుంది, వెనుక గదులు నా కోసం, అని ఆమె ఏ సంకోచమూ లేకుండా చెప్పింది. ముందు గదిని చూసి పెదవి విరిచే యువ కళాకారులు కొందరు ఉన్నారు గాని, నాకు ఆ ఏర్పాటు నిజాయితీగానే కనిపించింది.

నా బొమ్మలు చూడకముందే ఆమె నా వీసా సంగతి అడిగింది. పని అనుమతి లేని విదేశీయులు ఆ దేశంలో సంపాదించకూడదు కాబట్టి, నా బొమ్మలు పెట్టినా వాటి పక్కన అమ్మకానికి కాదు అనే చీటీ ఉంటుందని మొదటి మాటగానే తేల్చేసింది. ఆ తరువాత నా అట్ట సంచి విప్పింది. నేను గీసినవన్నీ పెరట్లోనూ చెరకు చేల గట్ల మీదా పెరిగే పిచ్చి మొక్కలు: మా అమ్మమ్మ కామెర్లకు నూరి ఇచ్చే నేల ఉసిరి, రణపాల, గడ్డి చామంతి. సముద్రాలు దాటివచ్చి అవే మొక్కల్ని అక్కడ చూడడమే నన్ను గీయించింది. ఆమె చాలాసేపు చూసి, ఈ మొక్కల మీద ఇక్కడి కళాకారిణి అన్నలీ డేవిస్ ఎప్పటినుంచో పని చేస్తోంది, మీరు అది చూడకుండా ఇవి ఇక్కడ పెట్టకూడదు, అంది. పెద్ద నగరంలోనైతే అదే వస్తువు మీద మరో పదిమంది పని చేస్తున్నా ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా గడిచిపోతుంది. అక్కడ అలా కుదరదు, చూసేవాళ్లందరికీ ఇద్దరి పనీ తెలిసే ఉంటుంది.

సెయింట్ జార్జ్ పారిష్‌లోని వాకర్స్ అనే చోట, పాడి ఆవులున్న ఒక డెయిరీ ఫారంలో, అన్నలీ డేవిస్ 2011లో ఫ్రెష్ మిల్క్ అనే కళావేదికను స్థాపించారు. ఆ నేల 17వ శతాబ్దం నాటి చెరకు తోట. బానిసల చేత పని చేయించిన నేల. అక్కడ అమ్మకాలు ఉండవు. స్థానిక కళాకారులూ బయటి దేశాలవాళ్లూ కొన్ని వారాలపాటు ఉండి పని చేసుకునే వీలు, కొలీన్ లూయిస్ పేరు మీద ఒక పఠనమందిరం, మాటలకు కూర్చునే చోటు, అంతే. కరీబియన్ కళ గురించిన పుస్తకాలు అన్ని ఒకేచోట నేను అంతకుముందు చూసి ఉండలేదు. ఆ ప్రాంతపు స్వతంత్ర కళావేదికల వాళ్లందరూ కలుసుకునే టిల్టింగ్ యాక్సిస్ సమావేశం మొదటిసారి 2015లో జరిగింది కూడా అక్కడే. డేవిస్ తోట పద్దుల పుస్తకాల పుటల మీద, కూలి లెక్కలు రాసుకునే గీతల మీదే, అడవి మొక్కలను గీశారు. చేలల్లో దొరికిన పాత పింగాణీ పెంకులు అతికించి టీ పాత్రలు చేయించారు. ఆకులతో కాచుకునే కషాయాన్ని అక్కడ బుష్ టీ అంటారు, మందులు అందని మనుషులు తరతరాలుగా బతికింది దానితోనే. ఇవన్నీ చూశాక నా బొమ్మలు మార్చాలని అనిపించలేదు గాని, వాటిలో ఏవి ఆ గోడకు అవసరమో స్పష్టంగా తెలిసింది. రణపాల బొమ్మలు అందంగా ఉన్నాయి, అంతకుమించి వాటిలో ఏమీ లేదు. నేల ఉసిరి బొమ్మలు మూడు ఏరి పెట్టాను, గ్యాలరీ ఆవిడ మా ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పరిచినవన్నీ చూసి, ఆ మూడే తీసుకుంది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టినదీ, నాకు ఎక్కువ నేర్పినదీ పటం కట్టించడం. కాగితం మీద పని చేసేవాళ్లకు ఆ ద్వీపం అనుకూలమైనది కాదు: గాలిలో చెమ్మ, ఆ చెమ్మలో ఉప్పు, చెమ్మకు బూజు, చెక్కకు చెదలు. దీనికి తోడు, ఏడాదిలో కొన్ని నెలలు సహారా ఎడారి నుంచి అట్లాంటిక్ దాటి వచ్చే సన్నని ధూళి. తూర్పు కొసన రాగెడ్ పాయింట్ దగ్గర శాస్త్రవేత్తలు 1960ల నుంచి దాన్ని కొలుస్తున్నారు. పటాలు కట్టే మంచి పనివాళ్లు అక్కడ బహు కొద్దిమంది, నవంబర్‌లో జాతీయ కళోత్సవం నిఫ్కా ముందైతే వాళ్లను పట్టుకోవడమే కష్టం. నాకు కట్టిన పెద్దాయన ముందుగా కాగితాన్ని వేలితో తట్టి శబ్దం విన్నాడు, ఆ పైన వర్షాల్లో ఇది ఎంత ఉబ్బుతుందో చూడాలంటూ కొన్ని రోజులు తన దగ్గరే పెట్టుకున్నాడు. బొమ్మను అట్టకు పూర్తిగా అంటించలేదు. పైఅంచున మాత్రం రెండు చోట్ల, పల్చని జపాను కాగితం ముక్కలను గోధుమపిండి జిగురుతో అతికి, మిగతా కాగితం తనకు తాను సాగి ముడుచుకునేలా వదిలేశాడు. అద్దానికీ కాగితానికీ తాకిడి లేకుండా లోపలి అంచుల్లో సన్నని పట్టీలు పెట్టాడు. వెనుక వైపు అంతా టేపుతో మూసి, కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్లలు అతికించాడు, గోడకూ పటానికీ మధ్య గాలి ఆడడానికి.

ఆమ్లం లేని అట్ట, అద్దం, పట్టీలు అన్నీ ఓడలో వచ్చేవే, వాటి మీద సుంకం, ఆ పైన 17.5 శాతం వ్యాట్. చెక్క మాత్రం ఆయన కొనలేదు. పాత మహాగని మంచాల కోళ్లూ బీరువా పలకలూ సేకరించి ఫ్రేములు చేసేవాడు. ఎన్నో ఏళ్ల చెమ్మను చూసిన చెక్క ఇక వంకర తిరగదని ఆయన లెక్క. ఒక్క పటానికి అయిన ఖర్చు వింటే హైదరాబాదులో నా తోటివాళ్లు నమ్మరు. అమ్ముకునే కళాకారుడు ఈ ఖర్చంతా ముందుగా తన చేతి నుంచే పెట్టుకోవాలి. అక్కడ యువకులు చాలామంది డిజిటల్ చిత్రాల వైపు, వీడియో వైపు, ప్రదర్శన కళ వైపు మొగ్గడానికి సిద్ధాంతాలతో పాటు ఈ లెక్క కూడా ఒక కారణమని ఎవరూ రాయగా నేను చూడలేదు గాని, వాళ్లతో మాట్లాడితే ఇట్టే తెలుస్తుంది.

బొమ్మల పక్కన పెట్టే పరిచయ వాక్యాల సంగతి త్వరగానే ముగిసింది. నేను రాసిచ్చిన పేజీలో ఆమె జ్ఞాపకాలు, మూలాలు, ప్రేరణ లాంటివన్నీ కొట్టేసి, ఆ మొక్కను ఎక్కడ చూసి గీశానో, మా ఇంట్లో దాన్ని దేనికి వాడేవాళ్లో, ఆ రెండూ ఉంచింది.

బొమ్మలు వేలాడదీయడానికి పనివాళ్లు వస్తారనుకుని వెళితే, వచ్చినది కళాకారులే. ప్రదర్శనలో ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ కూడా. ఒకాయన హైస్కూల్లో ఆర్టు మాస్టారు, బడి వదలగానే యూనిఫాం టైతోనే నిచ్చెన ఎక్కాడు. ఒకామె కాలేజిలో పాఠాలు చెబుతూ, క్రాప్ ఓవర్ ఉత్సవానికి వేషాలు కూడా రూపకల్పన చేసేది. మరొకాయన పగలు బ్యాంకులో ఉంటాడు. పాత ప్రదర్శన మేకుల కన్నాలు పూడ్చడం, గోడలకు తెల్ల రంగు వేయడం, దీపాలు సర్దడం, చీటీలు కత్తిరించడం, అన్నీ వాళ్లే. పగడపు రాయి గోడ మందంగా ఉంటుంది గాని గట్టిగా ఉండదు, డ్రిల్లు పెడితే కన్నం పొడిపొడిగా రాలుతుంది, మేకు నిలవదు. అందుకని పైకప్పు కింద గోడ పొడుగునా ఒక చెక్క పట్టీ బిగించి, దాని నుంచి సన్నని తీగలతో పటాలు దించుతారు. ప్రతి బొమ్మ నడిమి భాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, మనిషి కంటిచూపు సహజంగా పడే ఎత్తు అది. రసమట్టం పెట్టి చూస్తే పటం సరిగ్గానే ఉంది, కంటికి మాత్రం ఒరిగినట్టే ఉంది; తీరా చూస్తే వాలింది ఇల్లు. బ్యాంకు ఆయన రసమట్టం పక్కన పడేసి, ఇంటిని బట్టి పెడదాం, అన్నాడు. ఆ గదిలో ఉన్నవన్నీ అలాగే కట్టాం.

ఏది దేని పక్కన ఉండాలన్న దగ్గర గొడవ వచ్చింది. నా చిన్న బొమ్మల పక్కన మెరుపు రంగుల పెద్ద కాన్వాసు పెడితే అవి కనబడకుండా పోతున్నాయని నేనేమీ అనకముందే, ఆ కాన్వాసు వేసిన యువకుడే దాన్ని తీసి తలుపు వెనుక గోడకు మార్చమన్నాడు. అది ఉదారత అనుకున్నాను; కొంత ఉదారతే. కాని వచ్చే నెల అతని బొమ్మల జాగా నిర్ణయించే గదిలో నేనో, నాలాంటి మరొకరో ఉంటారన్న ఎరుక కూడా అందులో ఉంది. అందరూ అందరికీ రుణపడి ఉండే చోట మర్యాదకు కొరత ఉండదు.

ప్రారంభోత్సవం సాయంత్రం ఆరింటికి. మాబీ అనే చేదు బెరడు పానీయం, రమ్ పంచ్, వేడి వేడి చేప వడలు, రెండు చిన్న ప్రసంగాలు. వచ్చినవాళ్లలో సగం మంది కళాకారులే అయినా, ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది: కొనేవాళ్లలోనూ వాళ్లున్నారు. ధరల పట్టికలో బార్బడోస్ డాలర్లు ఒకవైపు, అమెరికా డాలర్లు మరోవైపు వేస్తారు. 1975 నుంచి రెండుకు ఒకటి అనే మారకం మారలేదు కాబట్టి ఆ లెక్క పిల్లలు కూడా చెప్పగలరు. అమ్ముడైందని తెలిపే ఎర్ర చుక్క అంటించిన మొదటి బొమ్మను కొన్నది పడమటి తీరపు విల్లా యజమాని. రెండోదాన్ని ఒక నర్సు, నెలనెలా కొంత చొప్పున కట్టే ఒప్పందం మీద తీసుకుంది. చివరి వాయిదా కట్టేదాకా బొమ్మ గ్యాలరీలోనే ఉంటుంది. గ్యాలరీలు సాధారణంగా అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంచుకుంటాయి. ఆ వాటా ఎక్కువని బయట అనుకునేవాళ్లను నేను విన్నాను, కాని నిచ్చెనలు ఎక్కి, కరెంటు బిల్లు కట్టి, ఏప్రిల్ దాటి పర్యాటకులు తగ్గాక కూడా తలుపు తీసి ఉంచే మనిషి ఎవరో చూశాక నాకు అది ఎక్కువ అనిపించలేదు. నా బొమ్మల ముందు ఆగినవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లు. ఆకు కింద గింజలున్నాయే అంటూ ఆ మొక్కను గుర్తుపట్టి, దాన్ని ఎన్ని నీళ్లలో ఎంతసేపు మరిగించాలో నాకు చెప్పారు. నా పటాలు బాగున్నాయని ఎవరైనా చెప్పారో లేదో గుర్తు లేదు.

ఆ మర్యాదకు ఖరీదు తరువాత తెలిసింది. బాగుంది అనే మాట తప్ప మరొకటి ఎవరూ నలుగురిలో అనరు. పత్రికల్లో ఫోటో, ఎవరెవరు వచ్చారన్న వార్త వస్తాయి, విమర్శ అరుదు. రాసేవాళ్లు లేక కాదు, రాసినవాడికి మర్నాడు సూపర్ మార్కెట్లో ఆ కళాకారుడి తల్లి ఎదురవుతుంది కాబట్టి. నిజమైన మాటలు నాకు దొరికింది గ్యాలరీ వెనుక కార్లు నిలిపే చోట. కాలేజిలో పాఠాలు చెప్పే ఆవిడ కారు తలుపు పట్టుకుని, మీ గీత చాలా జాగ్రత్తగా ఉంది, ఈ మొక్క జాగ్రత్తగా పెరగదు కదా, అంది. అంత పనికొచ్చే మాట నాకు చదువుకున్న రోజుల్లో కూడా ఎవరూ చెప్పలేదు. అది అందరూ వినేలా గదిలో అని ఉంటే, మిగతావాళ్లకూ పనికొచ్చేది.

ఎదగాలంటే కొంతకాలమైనా బయటికి వెళ్లక తప్పదని అక్కడివాళ్లు మామూలుగా అనుకుంటారు. చిత్రకారిణి షీనా రోజ్ కమ్యూనిటీ కాలేజిలో చదివి, పై చదువు అమెరికాలోని గ్రీన్స్‌బరోలో చేసింది. బ్రిడ్జ్‌టౌన్‌లో పుట్టిన కళాకారిణి అల్బెర్టా విటిల్ 2022లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో స్కాట్లండు తరఫున పాల్గొంది. దగ్గరి ద్వీపానికి పోవడం మాత్రం దూరదేశానికి పోవడం కంటే కష్టం. ద్వీపాల మధ్య తిరిగే లియాట్ విమానసంస్థ 2020లో కుప్పకూలాక మరీను. పక్క ద్వీపంలో ఒక ప్రదర్శనకు బొమ్మ పంపాలంటే సుంకం కార్యాలయంలో కాగితాలు, తిరిగి తెస్తామన్న హామీ, అట్లాగే తిరిగొచ్చాక మళ్లీ కాగితాలు. మా ప్రదర్శనలోని ఇద్దరు తమ పనులను ఫైలు రూపంలో పంపి, అక్కడే అచ్చు వేయించుకోమనేవారు.

ప్రదర్శన ముగిసిన శనివారం మళ్లీ అందరం చేరి అన్నీ దించాం. తలుపు పక్కన తరువాతి ప్రదర్శనవాళ్ల మూటలు అప్పటికే ఆనించి ఉన్నాయి. నా మూడు బొమ్మలను పటాల నుంచి విప్పించి, ఇండియాకు తెచ్చుకోవడానికి అట్ట సంచిలో పెట్టుకున్నాను. మహాగని ఫ్రేములు మోసుకురావడం కుదరదు కాబట్టి గ్యాలరీ ఆవిడకే ఇచ్చేశాను. కమ్యూనిటీ కాలేజి చివరి సంవత్సరం విద్యార్థిని ఒకతె వేసిన చెక్క అచ్చు చిత్రాలు ఇంచుమించు అదే కొలతలో ఉన్నాయట. పెద్దాయన అట్టలు మాత్రం మార్చి, ఆ ఫ్రేముల్లోనే వాటిని బిగించాడు, ఆ అమ్మాయి దగ్గర అట్టల ఖర్చే తీసుకున్నాడు.